మోటారు సైకిలు - మనిషి చేయి

1903వ సంవత్సరం మే 16వ తేదీన జార్జి వైమన్ అనే యువకుడు అమెరికా పడమటి తీరంలోని సాన్ ఫ్రాన్సిస్కో నగరం నుండి మోటారు సైకిలు మీద తూర్పు తీరంలోని న్యూయార్కుకు బయలుదేరాడు. ఆ వాహనాన్ని మోటారు సైకిలు అనడం కంటె, చిన్న ఇంజను తగిలించిన సైకిలు అనడమే సబబు. ఇంజను శక్తి ఒకటింపావు అశ్వశక్తి మాత్రమే. చక్రాల అంచులు కొయ్యవి. ఇంజను శక్తిని చక్రానికి అందించేది ఒక తోలు పట్టీ. ఆనాడు అమెరికా పశ్చిమ భాగంలో రోడ్లు అనదగినవి చాలా తక్కువ. అందుచేత అతడు ప్రయాణంలో సగానికి పైగా రైలు మార్గం వెంబడి, పట్టాల కింద పరచిన కొయ్య స్లీపర్ల మీదుగా బండి నడిపాడు. 50 రోజుల తరువాత, జూలై 6న న్యూయార్కు చేరాడు. ఇంజను పాడైనందున చివరి 150 మైళ్లు తొక్కుకుంటూనే పోవలసి వచ్చినది. అయినప్పటికీ మోటారు బండితో ఆ దేశాన్ని ఈ తీరం నుండి ఆ తీరం దాకా మొదట దాటినవాడు అతడే. హొరేషియో జాక్సన్ కారు న్యూయార్కు చేరినది ఆ తరువాత 20 రోజులకు.

స్లీపర్ల మీద బండి నడపడమంటే ఏమిటో ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. రెండు స్లీపర్ల నడుమ దూరం సుమారు అర మీటరు అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు అయిదున్నర మీటర్లు. అనగా ముందు చక్రం సెకనుకు 11 సార్లు ఎగిరి పడుతుంది. ప్రతి కుదుపూ హ్యాండిలు ద్వారా మణికట్టుకు, మోచేతికి, భుజానికి పాకుతుంది. గంటకు దాదాపు 40 వేల కుదుపులన్న మాట!

ఇప్పుడు రోడ్లు నునుపైనవి, టైర్లలో గాలి ఉన్నది, ముందు చక్రానికి స్ప్రింగులు ఉన్నవి. అయినా హైదరాబాదు నుండి విజయవాడ దాకా బండి నడిపి దిగినవాడు రెండు చేతులూ విదిలించుకోవడం మానలేదు. అడిగితే 'చేతులు లాగుతున్నవి' అంటాడు. ఆ ఒక్క మాట వెనుక కనీసం మూడు వేర్వేరు బాధలు ఉన్నవి. నరం నలగడం ఒకటి, కండరం అలసిపోవడం ఒకటి, కంపనం వలన నరాలకూ రక్తనాళాలకూ కలిగే హాని మరొకటి. వీటిని విడదీసి గుర్తించడానికి వైద్యులకు నూరేళ్లకు పైగా పట్టినది. విచిత్రమేమంటే, ఆ జ్ఞానంలో అధిక భాగం మోటారు సైకిలు నడిపేవారిని పరీక్షించి సంపాదించినది కాదు.

మొదటి బాధను మామూలు సైకిలు తొక్కేవారిలో గుర్తించారు. ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరపు వైద్యుడు ఎతియెన్ దెస్తో 1896లో సైకిలు వాడకం వలన చేతికి వచ్చే ఒక పక్షవాతాన్ని గూర్చి ప్రకటించాడు. మోచేతి వెనుక ఎముకకు దేనికైనా తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది కదా! ఆ జివ్వుమనే నరమే అల్నార్ నాడి. అది అరచేతిలోకి వచ్చేచోట, చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గర, ఇరుకైన ఒక కాలువ గుండా పోతుంది. ఆ కాలువను 1861లో వర్ణించినవాడు ఫెలిక్స్ గుయోన్ అనే మరొక ఫ్రెంచి వైద్యుడు. హ్యాండిలు మీద శరీరభారం మోపి గంటల తరబడి కూర్చున్నప్పుడు ఈ నరం హ్యాండిలుకూ ఎముకకూ నడుమ నలుగుతుంది. అప్పుడు చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. అదుముడు చాలా రోజులు సాగితే వేళ్లను దగ్గరకు చేర్చే చిన్న కండరాలు బలహీనపడతాయి.

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కితే నలిగేది వేరొక నరం. మణికట్టు నడుమ, అరచేతి వైపు, ఎముకలు మూడు పక్కలా గోడలుగా, గట్టి నారపట్టీ కప్పుగా ఏర్పడిన ఒక సొరంగం ఉన్నది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ, వాటితోపాటు మధ్యనాడీ అందులో నుండే పోవాలి. ఈ నాడి మణికట్టు వద్ద నలిగి బాధ కలిగించిన సంగతిని ఇంగ్లండులో జేమ్స్ పాజెట్ 1854లోనే వ్రాశాడు. కాని సాధారణ వైద్యులకు ఈ జబ్బు పరిచయమైనది 1950 తరువాత, అమెరికాలో జార్జి ఫాలెన్ కృషి వలన. 1981లో గెల్బర్మన్, అతని సహచరులు సన్నని గొట్టాన్ని ఆ సొరంగంలోకి పంపి ఒత్తిడి కొలిచారు. ఆరోగ్యవంతుల మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు ఒత్తిడి పాదరసపు మట్టంలో రెండున్నర మిల్లీమీటర్లు. చేతిని వెనుకకు పూర్తిగా విరిచినప్పుడు అది సుమారు 30 మిల్లీమీటర్లకు పెరిగినది. జబ్బు ఉన్నవారికి మణికట్టు తిన్నగా ఉన్నా ఒత్తిడి దాదాపు అంతే! యాక్సిలరేటరును తిప్పి పట్టుకొన్న కుడి మణికట్టు ఏ వైపుకు వంగి ఉంటుందో, ఎంతసేపు అలా ఉంటుందో ఆలోచిస్తే ఈ అంకెల అర్థం తెలుస్తుంది.

ఈ యాక్సిలరేటరుకు కూడా ఒక చరిత్ర ఉన్నది. 1920 ప్రాంతం దాకా చాలా మోటారు సైకిళ్లకు, ముఖ్యంగా బ్రిటిషు బళ్లకు, తిప్పే పిడి లేదు. హ్యాండిలు మీద చిన్న మీట ఉండేది. దానిని ఎంత జరిపితే అక్కడే నిలిచేది. చేతికి విశ్రాంతి ఉండేది గాని, నడిపేవాడు జారిపడినా ఇంజను అదే వేగంతో తిరుగుతూ ఉండేది. అమెరికాలో ఇండియన్ కంపెనీ మొదలైనవి తిప్పే పిడిని వాడుకలోకి తెచ్చినవి. తరువాత దానికి స్ప్రింగు చేరినది. చేయి వదిలితే ఇంజను నెమ్మదిస్తుంది. ప్రాణరక్షణకు ఇది చాలా మేలు. కాని ఆ మేలుకు మూల్యంగా కుడి చేయి దారి పొడుగునా స్ప్రింగుతో పెనుగులాడవలసి వచ్చినది.

ఈ పెనుగులాటే రెండవ బాధకు మూలం. కదలకుండా బిగబట్టిన కండరం, పని చేస్తున్నట్లు పైకి కనపడకపోయినా, త్వరగా అలసిపోతుంది. బిగుసుకొన్న కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కుతుంది. నడిచేటప్పుడు కాలి కండరం బిగిసి, సడలి, మళ్లీ బిగుస్తుంది. సడలినప్పుడల్లా కొత్త రక్తం చేరుతుంది. హ్యాండిలు పట్టిన ముంజేతికి ఆ అవకాశం లేదు. 1960లో జర్మనీలో వాల్టర్ రోమెర్ట్ దీనిని లెక్కకట్టాడు. మనిషి తన పూర్తి బలంలో సగాన్ని వాడుతూ బిగబట్టితే, సుమారు ఒక నిమిషం కంటె ఎక్కువసేపు నిలపలేడు. ఆరింట ఒక వంతుకు లోపు బలమైతే చాలాసేపు ఓర్చుకోగలడు. పందెగాళ్లు బ్రేకులను బలంగా నొక్కుతూ, బండిని లాగిపట్టుతూ నడుపుతారు. వారి ముంజేతులు రాయిలా గట్టిపడి, వేళ్లు మీట నొక్కలేని స్థితి వస్తుంది. కండరాలను చుట్టి ఉన్న పొర సాగదు. లోపల రక్తం నిండి కండరం ఉబ్బితే ఒత్తిడి పెరుగుతుంది. కొందరు ప్రసిద్ధ పందెగాళ్లు ఆ పొరను కోయించుకొనే శస్త్రచికిత్స కూడా చేయించుకొన్నారు.

మూడవదైన కంపనం సంగతి వీటికంటె క్లిష్టమైనది. దానిని తెలుసుకోవడానికి రోడ్డు వదలి రాతి గనులకు వెళ్లాలి. చల్లదనానికి వేళ్లు పాలిపోయి, స్పర్శ పోవడాన్ని పారిస్ వైద్యుడు మోరిస్ రేనో 1862లో తన సిద్ధాంత వ్యాసంలో వర్ణించాడు. ఆ లక్షణానికి ఆయన పేరే నిలిచినది. గాలి ఒత్తిడితో పనిచేసే సుత్తులు వాడుకలోకి వచ్చిన తరువాత, వాటిని వాడే ఇటలీ కార్మికులలో ఇదే లక్షణం కనిపించడాన్ని జొవాన్ని లోరిగా 1911లో గుర్తించాడు. 1918లో అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంక శాఖ ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలిని ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ పట్టణానికి పంపినది. అక్కడ సున్నపురాయి గనులు ఉన్నవి. రాయి చెక్కే సుత్తి నిమిషానికి వేల సార్లు కొట్టుకొంటుంది. ఉలిని పట్టుకొనేది ఎడమ చేయి. హామిల్టన్ చలికాలంలో, చలి ఉదయాలలో, ఆ కార్మికుల వేళ్లను పరిశీలించినది. ఉలి పట్టిన చేతి వేళ్లు కొయ్యముక్కల వలె తెల్లబడి, సూది గుచ్చినా తెలియని స్థితిలో ఉన్నవి. ఆమె పరీక్షించిన వారిలో పదింట దాదాపు తొమ్మిది మందికి ఈ లక్షణం ఉన్నది. మరుసటి సంవత్సరం ఆమె హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మొదటి మహిళా అధ్యాపకురాలు అయినది. కాని బెడ్‌ఫర్డ్ సుత్తులు మారలేదు. 60 ఏళ్ల తరువాత, 1978లో, పరిశోధకులు మళ్లీ అదే పట్టణానికి వెళ్లి చూస్తే పదింట ఎనిమిది మందికి వేళ్లు తెల్లబడుతూనే ఉన్నవి. రోగం తెలిసినంత మాత్రాన పనిముట్టు మారదనడానికి ఇంతకంటె విచారకరమైన తార్కాణం అరుదు.

రాతి సుత్తికీ మోటారు సైకిలుకూ పోలిక ఎక్కడ? రెండింటిలోనూ ఒక పిస్టను ముందుకూ వెనుకకూ ఊగుతూ ఉంటుంది. పాఠశాలలో నేర్చే యంత్రశాస్త్రంతోనే ఈ ఊపు ఎంతటిదో కట్టి చూడవచ్చును. మన దేశంలో బాగా తెలిసిన పాత 350 బుల్లెట్ ఇంజనును తీసుకొందాం. దాని సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. కనుక క్రాంకు వ్యాసార్ధం 45 మిల్లీమీటర్లు. ఇంజను నిమిషానికి 3,000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తిరిగేటప్పుడు కోణీయ వేగం సెకనుకు 314 రేడియన్లు. దాని వర్గాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే త్వరణం సుమారు 4,440 మీటర్లు, అనగా గురుత్వ త్వరణానికి దాదాపు 450 రెట్లు. పిస్టను, దానితో ఊగే భాగాలు కలిసి అర కిలో అనుకొంటే, పిస్టను పైకీ కిందికీ మళ్లే ప్రతిసారీ ఇంజను మీద పడే బలం ఇంచుమించు 225 కిలోల బరువుకు సమానం. అది సెకనుకు 50 సార్లు పైకి, 50 సార్లు కిందికి! వేగం సగమైతే ఈ బలం నాలుగో వంతే అవుతుంది. వేగం కొంచెం తగ్గించగానే చేతులకు పెద్ద ఊరట కలగడానికి కారణం ఇదే.

క్రాంకుకు పిస్టను ఉన్న దిక్కుకు ఎదురుగా ఒక బరువు తగిలిస్తే ఈ బలం రద్దు కాదా అని చురుకైన విద్యార్థి అడగవచ్చును. కొంత రద్దు అవుతుంది. కాని పిస్టను పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది, బరువు గుండ్రంగా తిరుగుతుంది. నిలువు ఊపును పూర్తిగా రద్దు చేసే బరువు అంతే ఊపును అడ్డంగా పుట్టిస్తుంది. అందుచేత పాత ఇంజనీర్లు సుమారు సగం రద్దుతో సరిపెట్టుకొని, మిగిలినది ఏ వేగం వద్ద ఎక్కువ బాధిస్తుందో చూసుకొని బండి తయారు చేసేవారు.

ఒంటి పిస్టను బదులు రెండు పెడితే? 1923లో జర్మనీలో తయారైన బి.ఎం.డబ్ల్యు. ఆర్ 32లో రెండు పిస్టన్లు ఎదురెదురుగా, ఒకటి కుడికి పోతే రెండవది ఎడమకు పోయేటట్లు అమర్చారు. ఒకదాని ఊపును రెండవది దాదాపు మింగివేసినది. ఇంగ్లండులో ఎడ్వర్డ్ టర్నర్ రూపకల్పనతో 1937లో వచ్చిన ట్రయంఫ్ స్పీడ్ ట్విన్‌లో మాత్రం రెండు పిస్టన్లూ పక్కపక్కన కలిసి లేచి, కలిసి దిగేవి. బండి చూడముచ్చటగా ఉన్నది, తేలికగా ఉన్నది, విపరీతంగా అమ్ముడయినది. కంపనం విషయంలో మటుకు అది ఒంటి పిస్టనుకు అన్నగారే. ఇతర బ్రిటిషు కంపెనీలు ఆ నమూనానే అనుకరించి, ఇంజనును 500 నుండి 650కి, ఆపైన 750 ఘనసెంటీమీటర్లకు పెంచుకుంటూ పోయినవి. ఊపూ పెరిగినది. 1967లో నార్టన్ కంపెనీ తన కమాండో బండిలో ఇంజనునూ గేరుపెట్టెనూ చట్రానికి నేరుగా బిగించక, నడుమ రబ్బరు దిమ్మలు పెట్టినది. ఇంజను ఊగుతూనే ఉంటుంది, నడిపేవాడికి మాత్రం తెలియదు. ఆ రబ్బరు అమరికలో సందును ఎప్పటికప్పుడు సరిచూడాలి. చూడనివారి చేతులకు పాత బాధ తిరిగి వచ్చేది.

జపాను ఇంజనీర్లు వేరు మార్గాలు తొక్కారు. 1969లో వచ్చిన హోండా సి.బి. 750లో నాలుగు పిస్టన్లు వరుసగా ఉన్నవి. రెండు లేచినప్పుడు రెండు దిగుతాయి. పెద్ద ఊపు పోయినది. కాని పిస్టను చలనం సంపూర్ణమైన సరళ హరాత్మక చలనం కానందున, ఇంజను వేగానికి రెట్టింపు పౌనఃపున్యంతో ఒక చిన్న ఊపు మిగిలినది. నిమిషానికి 6,000 భ్రమణాల వద్ద అది సెకనుకు 200 కంపనాలు. మన చర్మం లోతున కంపనాలను పసిగట్టే సూక్ష్మమైన కణికలు ఉన్నవి. వాటికి ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫిలిప్పో పాచినీ పేరు పెట్టారు. అవి సెకనుకు 200 నుండి 300 కంపనాలనే అతి సులభంగా గ్రహిస్తాయి! అందుచేత నాలుగు సిలిండర్ల బండి భుజాన్ని కుదపదు, వేళ్లను జుమ్మనిపిస్తుంది. సెకనుకు వందకు మించిన కంపనాలు చేతిలోనే ఇంకిపోతాయి, తక్కువవి మోచేతికీ భుజానికీ ఎక్కుతాయి.

హ్యాండిలు చివరలకు బరువైన ఇనుప బిళ్లలు తగిలించడం కూడా ఈ కాలపు ఉపాయమే. దీనిని తరగతిలో చూపడం తేలిక. రంపపు బ్లేడును బల్ల అంచున బిగించి మీటండి, తరువాత కొసకు కొంచెం మట్టిముద్ద అంటించి మీటండి. ఊపు నెమ్మదిస్తుంది. హ్యాండిలుకు కూడా సహజ పౌనఃపున్యం ఉన్నది. ఇంజను ఊపు దానితో కలిస్తే అనునాదం ఏర్పడుతుంది. బిళ్లలు ఆ రెంటినీ విడదీస్తాయి.

ఇక ఈ చరిత్రలో అన్నిటికంటె ఆసక్తికరమైన విషయం 1966లో స్వీడనులో బయటపడినది. ఎక్లుండ్, హాగ్బార్త్ అనే శాస్త్రజ్ఞులు మనిషి కండరం మీద కంపించే పరికరాన్ని ఆనించి చూశారు. ఆ మనిషి ప్రయత్నమేమీ లేకుండానే కండరం బిగుసుకొన్నది. కండరంలో సాగుదలను కొలిచే సూక్ష్మభాగాలు కంపనాన్ని సాగుదలగా పొరబడి వెన్నుపాముకు కబురు పంపుతాయి. వెన్నుపాము 'బిగించు' అని ఆజ్ఞ ఇస్తుంది. 1987లో అమెరికాలో రాడ్విన్, ఆర్మ్‌స్ట్రాంగ్, చాఫిన్ కంపించే పిడిని పట్టించి పరీక్షించారు. సెకనుకు 40 కంపనాల వద్ద పట్టు స్పష్టంగా బిగిసినది. 160 వద్ద ఆ ప్రభావం అంతగా లేదు. సెకనుకు 40 అంటే ఒంటి సిలిండరు ఇంజను నిమిషానికి 2,400 సార్లు తిరగడం. మన బళ్లు రోడ్డు మీద నెమ్మదిగా సాగే వేగమే అది.

దీని పర్యవసానం చూడండి. కంపనం పట్టును బిగిస్తుంది. పట్టు బిగిసినకొద్దీ హ్యాండిలూ చేయీ ఒక్కటై కంపనం మరింత లోపలికి పోతుంది. బిగిసిన కండరంలో రక్తం ఆడదు, అరచేతిలో నరం ఇంకా నలుగుతుంది. వైద్యులు వేరు చేసిన మూడు బాధలూ ఇక్కడ మళ్లీ ఒక్కటిగా ముడిపడతాయి. 'గట్టిగా పట్టుకోకు' అని పాత మెకానిక్కులు కుర్రవాళ్లకు చెప్పే సలహా మంచిదే, కాని పాటించడం కష్టం. పట్టు బిగుస్తున్నట్లు కుర్రవాడికి తెలియనే తెలియదు.

మోటారు సైకిలును వృత్తిగా నడిపేవారిని శ్రద్ధగా పరీక్షించినది ముఖ్యంగా జపాను వైద్యులు. అక్కడి అడవులలో యంత్రపు రంపం వాడే కూలీల వేళ్లు తెల్లబడడం 1960 తరువాత పెద్ద సమస్య అయినది. ఆ అనుభవం ఉన్నవారు, రోజంతా మోటారు సైకిలు మీద ఉత్తరాలు పంచే తపాలా ఉద్యోగులను కూడా చూశారు. తరువాత ట్రాఫిక్ పోలీసులను గూర్చిన పరిశీలన 1997లో వెలువడినది. వేళ్లు తెల్లబడినవారు వారిలో కొద్దిమందే. తిమ్మిరి, భుజం పట్టుకుపోవడం వంటి బాధలు అంతకంటె ఎక్కువగా కనిపించినవి.

2002లో ఐరోపా సంఘం కార్మికుల చేతికి తగిలే కంపనానికి హద్దులు విధించినది. ఎనిమిది గంటల పనిదినానికి సగటు త్వరణం సెకను వర్గానికి రెండున్నర మీటర్లు దాటితే యజమాని చర్య తీసుకోవాలి, అయిదు మీటర్లు దాటరాదు. ఈ లెక్కలో త్వరణపు వర్గాన్ని కాలంతో గుణిస్తారు. కనుక కంపనం రెట్టింపైతే అనుమతించే కాలం సగం కాదు, నాలుగో వంతు, అంటే ఎనిమిది గంటలకు బదులు రెండే గంటలు. సరదాకు నెలకొకసారి దూరం పోయేవాడికీ, రోజుకు పది గంటలు ఇంటింటికీ సరుకులు చేరవేసేవాడికీ తేడా ఈ గుణకారంలోనే ఉన్నది. మొదటివాడి తిమ్మిరి రాత్రి నిద్రతో పోతుంది, రెండవవాడి చేతికి ఆ వ్యవధి చాలదు.

హద్దులు విధించడం వలన ప్రయోజనం ఉంటుందా అనే ప్రశ్నకు ఫిన్లండు అడవులు సమాధానం ఇస్తాయి. అక్కడ ఒక ప్రాంతంలో రంపం వాడేవారిని 1972 నుండి 1990 దాకా వరుసగా పరీక్షించారు. పిడికి రబ్బరు అమర్చిన తేలిక రంపాలు వచ్చిన ఆ కాలంలో వేళ్లు తెల్లబడేవారు నూటికి 40 నుండి 5కు తగ్గారు. కూలీల చేతులు మారలేదు, రంపాలు మారినవి.

మన దేశంలో ఈ మార్పు నిదానంగా వచ్చినది. సైన్యానికి బుల్లెట్ బళ్లు అవసరమైనందున 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడినది. ఇంగ్లండులోని మాతృసంస్థ మూతపడిన తరువాత కూడా మద్రాసు కర్మాగారం ఆ ఒంటి సిలిండరు బండిని తయారుచేస్తూనే ఉన్నది. తెలుగు నాట ఊరూరా వినిపించిన ఆ డుగుడుగు శబ్దాన్ని మోజుపడి కొన్నవారు, దానితోపాటు వచ్చే కంపనాన్ని కూడా బండి స్వభావంగా అంగీకరించారు. క్రాంకుతో సమానవేగంతో ఎదురుదిశలో తిరుగుతూ, మిగిలిన సగం ఊపును కూడా రద్దు చేసే అదనపు ఇరుసు కొత్త ఉపాయమేమీ కాదు. తిరిగే ఇరుసులతో ఇంజను ఊపును రద్దు చేసే పద్ధతిని ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 20వ శతాబ్ది తొలినాళ్లలోనే కార్లకు వాడాడు. 1972లో యమహా టి.ఎక్స్. 750 మోటారు సైకిలుకు అటువంటి ఇరుసులు వచ్చినవి. ఎన్‌ఫీల్డ్ కంపెనీ 350 ఇంజనుకు అది చేరినది 2020లో, మీటియార్ అనే బండితో. 2023లో బుల్లెట్‌కు కూడా అదే ఇంజను అమర్చారు. శబ్దంలో పాత గంభీరత తగ్గినదని కొందరు అభిమానులు నొచ్చుకొన్నారు.